బ్యూనస్ ఎయిర్స్‌లో ఊరివాళ్లలా నాలుగు రోజులు ఉండాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అర్జెంటీనా టికెట్ కొన్నవాళ్లలో ఎక్కువమంది ప్లాను ఒకేలా ఉంటుంది. ఇగ్వాసు జలపాతాలు, పటగోనియా హిమానీనదాలు, మధ్యలో విమానం మారడానికి బ్యూనస్ ఎయిర్స్‌లో రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఒబెలిస్కో ముందు ఒక ఫొటో, రెకోలేతా శ్మశానంలో ఎవీతా (ఒకప్పటి అధ్యక్షుడు పెరోన్ భార్య) సమాధి, డిన్నర్‌తో కలిపి అమ్మే టాంగో షో, అంతే. ఈ ఊరి అసలు రుచి తెలియాలంటే కాఫీ హోటల్ బల్ల దగ్గర, పార్కు గడ్డి మీద, అర్ధరాత్రి పిజ్జా కౌంటర్ ముందు కాస్త కాలక్షేపం చెయ్యాలి. అందుకు డబ్బు కన్నా తీరిక ఎక్కువ కావాలి. మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఆ ఉద్దేశంతోనే ఇస్తున్నాను.

అక్కడివాళ్లు తిండి ఏ వేళకి తింటారు? రాత్రి ఎనిమిదికి వెళ్తే హోటళ్లు ఖాళీగా ఉంటాయట, నిజమేనా?

నిజమే. చాలా రెస్టారెంట్లు రాత్రి ఎనిమిదికి గానీ తలుపు తీయవు. ఎనిమిదిన్నరకి వెళ్తే లోపల మీరు, వెయిటర్లు, ఒకరిద్దరు టూరిస్టులు ఉంటారు. ఊరివాళ్లు తొమ్మిదిన్నర, పదికి వస్తారు. శుక్ర, శనివారాల్లో ఇంకా ఆలస్యం.

పొద్దున టిఫిను నామమాత్రం. ఒక కాఫీ, రెండు మూడు మెదియాలూనాలు, అంటే నెలవంక ఆకారంలో మెత్తగా ఉండే చిన్న బన్నులు. మధ్యాహ్నం భోజనం ఒంటిగంట, రెండు. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య మెరియెందా అని ఒక పూట ఉంది: కాఫీయో టీయో, పక్కన కేకు ముక్కో టోస్టో. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు. తీసుకోకపోతే తొమ్మిదయ్యేసరికి ఆకలితో ఒకరిమీద ఒకరు చిరాకు పడతారు. అక్కడి టైము మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక కాబట్టి, ఇండియా నుంచి నేరుగా వెళ్లినవాళ్లకి సరిగ్గా డిన్నర్ వేళకే నిద్ర ముంచుకొస్తుంది. మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం నాలుగుకి ఒక కునుకు తీసి, లేచి మెరియెందా చేసి, అప్పుడు రోడ్డెక్కండి.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు. రుతువులు మనకి తలకిందులు: జనవరిలో ఉక్కపోత, జులైలో చలి. నవంబరులో జకరాందా చెట్లు పూసి వీధులు ఊదారంగులోకి మారతాయి. జనవరిలో ఊళ్లోవాళ్లే మార్ దెల్ ప్లాతా సముద్ర తీరానికి వెళ్లిపోతారు, కొన్ని మంచి హోటళ్లు కూడా సెలవు పెట్టేస్తాయి. జులై 20 అక్కడ స్నేహితుల దినం. ఆ రాత్రి ముందుగా చెప్పుకోకపోతే ఎక్కడా బల్ల దొరకదు.

కఫేలో ఎంతసేపు కూర్చోవచ్చు? ఏం చెప్పాలి?

హైదరాబాద్ ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ చెప్పి గంటలు గడిపిన అలవాటు ఉంటే మీకు కొత్తగా నేర్పేదేమీ లేదు. ఒక కోర్తాదో చెప్పండి: చిక్కటి కాఫీ, అందులో చుక్క పాలు. చిన్న కప్పుతో పాటు చిట్టి గ్లాసులో సోడా నీళ్లు, చాలాచోట్ల ఒక బుల్లి బిస్కెట్టు కూడా వస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే కఫే కోన్ లేచే. దాదాపు పాలే కావాలంటే లాగ్రిమా. చలికాలంలో సుబ్మరీనో అడగండి: వేడి పాల గ్లాసు, పక్కన ఒక చాక్లెట్ కడ్డీ ఇస్తారు. కడ్డీని పాలల్లో ముంచి, అది అడుగున కరుగుతుంటే చెంచాతో కలుపుకుంటూ తాగాలి.

బిల్లు మీరు అడిగేదాకా తేరు. కస్టమరు కూర్చుని ఉండగా బిల్లు తెచ్చిపెట్టడం ఇక్కడ మర్యాద కాదు. అది తెలియక మనవాళ్లు వెయిటరు పట్టించుకోవట్లేదని విసుక్కుంటారు. వెళ్దామనుకున్నప్పుడు అతని కళ్లలోకి చూసి గాలిలో సంతకం పెట్టినట్టు చెయ్యి ఊపండి, చాలు. భోజనం అయ్యాక కూడా ఇంతే. ప్లేట్లు తీసేశాక గంటసేపు కబుర్లు నడుస్తాయి, దానికి సోబ్రెమేసా అని పేరు కూడా ఉంది. నన్నడిగితే ఈ ఊళ్లో చూడాల్సిన వాటిలో మొదటిది అదే.

ఏ కఫే అంటే, అవెనీదా దె మాయోలో 1858 నుంచి ఉన్న తోర్తోనీ అందంగా ఉంటుంది, బయట లైను కూడా అంతే పొడుగ్గా ఉంటుంది. అల్మాగ్రో పేటలోని లాస్ వియోలేతాస్ (1884) రంగుటద్దాల కిటికీల కింద కూర్చోవడం నాకు ఎక్కువ నచ్చుతుంది. వారం మధ్యలో వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. నగర ప్రభుత్వం ఇలాంటి పాత కఫేలను బారెస్ నోతాబ్లెస్ అనే జాబితాలో చేర్చి కాపాడుకుంటోంది. అయితే జాబితాలో లేకపోయినా, మీ బస పక్క సందు మూలన ఉన్న కఫేని వదలకండి. రెండు మూడు రోజులు వరసగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటే వెయిటరు మీ కాఫీ ఏమిటో అడగడం మానేస్తాడు.

మాతే (టీ లాంటి ఆకు పానీయం) అందరూ ఒకే గొట్టంతో తాగుతారట. ఎంగిలి కదా?

అవును, ఎంగిలే. దాంట్లో దాపరికం ఏమీ లేదు. మాతే పద్ధతి ఇలా ఉంటుంది. చిన్న సొరకాయ బుర్రలో యెర్బా ఆకు పొడి ముప్పావు వంతు పోసి, అడుగున జల్లెడలాంటి చిల్లులున్న లోహపు గొట్టం గుచ్చుతారు. దాని పేరు బొంబిషా. ఫ్లాస్కులోంచి 70, 80 డిగ్రీల వేడి నీళ్లు పోస్తారు. మరిగే నీళ్లు పోస్తే ఆకు మాడి చేదెక్కుతుంది. పోసే మనిషి ఒక్కరే. మొదటి బుర్ర ఆ మనిషే తాగి, మళ్లీ నింపి పక్కవాళ్లకి ఇస్తారు. తీసుకున్నవాళ్లు గొరగొరమని శబ్దం వచ్చేదాకా మొత్తం తాగి, తిరిగి పోసినవాళ్లకే ఇవ్వాలి. మైకు పట్టుకున్నట్టు బుర్ర చేతిలో పెట్టుకుని కబుర్లు చెప్తే అవతల వరసలో ఉన్నవాళ్లు నవ్వుతూనే గుర్తు చేస్తారు. బొంబిషాని కదపడం, దాంతో కలపడం అసలు చెయ్యొద్దు. లోపల పొడి కదిలి గొట్టం మూసుకుపోతుంది.

ఇంకో సంగతి: బుర్ర తిరిగి ఇస్తూ గ్రాసియాస్ (థ్యాంక్స్) అన్నారంటే మీకు ఇక చాలని అర్థం, తర్వాతి వరసలో మిమ్మల్ని దాటేస్తారు. ఇంకా తాగాలనుంటే ఊరుకుని ఇచ్చెయ్యండి.

ఎంగిలి ఇబ్బందిగా ఉంటే మొదట్లోనే చిరునవ్వుతో వద్దనండి, ఎవరూ తప్పు పట్టరు. కోవిడ్ తర్వాత ఎవరి మాతే వాళ్లు తాగేవాళ్లు అక్కడా పెరిగారు. కానీ ఎవరైనా మిమ్మల్ని ఆ వరసలో కలుపుకున్నారంటే మీరు వాళ్లలో ఒకరైనట్టే, అందుకే ఒక్కసారైనా తాగి చూడమంటాను. రుచి మాత్రం మొదటి గుక్కకి పచ్చి చేదు. మాతేని మామూలు కఫేల్లో పెద్దగా అమ్మరు. అది ఇంట్లో, ఆఫీసులో, పార్కులో తాగేది. పలెర్మో పార్కుల్లో ఆదివారం మధ్యాహ్నం గడ్డి మీద ప్రతి గుంపు మధ్యలో ఒక ఫ్లాస్కు నిలబడి ఉంటుంది. ఆకు పండేది ఈశాన్యాన మిసియోనెస్, కొర్రియెంతెస్ రాష్ట్రాల్లో. నవంబరు 30ని జాతీయ మాతే దినంగా జరుపుకుంటారు.

మేం శాకాహారులం. ఆ దేశంలో బతకగలమా?

హాయిగా. ఈ ఊరికి ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు ఎంత ఎక్కువమందంటే, మాంసం తర్వాత ఇక్కడ రాజ్యమేలేది పిజ్జా, పాస్తాలే. నెలనెలా 29న ఞోకీ అనే ఆలుగడ్డ ఉండలు తినడం ఆనవాయితీ. డబ్బు కలిసి రావాలని ప్లేటు కింద ఒక నోటు పెట్టుకుంటారు. ఎంపనాదాల్లో (కజ్జికాయ ఆకారంలో ఉండే కారప్పిండివంట అనుకోండి) మొక్కజొన్న కూరిన ఉమీతా, ఉల్లిపాయ చీజు, పాలకూర రకాలు దాదాపు ప్రతి కొట్లోనూ ఉంటాయి. ఏ రకంలో ఏముందో తెలియడానికి అంచు మడతని ఒక్కో తీరుగా అల్లుతారు. ప్రొవోలేతా అంటే నిప్పుల మీద కాల్చిన చీజు బిళ్ల, ఒరెగానో చల్లి ఇస్తారు. అది వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరే. వంకాయ మిలనేసా (బ్రెడ్ పొడి అద్ది వేయించిన ముక్కలు), బచ్చలికూర లాంటి ఆకు కూరి ఓవెన్‌లో కాల్చిన తార్తా, గుడ్డుతో మందంగా వేసే ఆలుగడ్డ అట్టు తోర్తీషా ఇవన్నీ ఇళ్లలో తినేవే. గుడ్డు తినకపోతే మాత్రం తోర్తీషా, చాలా తార్తాలు వదులుకోవాల్సిందే.

జాగ్రత్త పడాల్సినవి రెండు. మాంసం లేదా అని అడిగితే లేదంటారు గానీ అందులో హామ్ ముక్కలు ఉండొచ్చు. మాంసం అంటే వాళ్ల లెక్కలో ఆవు మాంసమే. అందుకే ‘సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పోషో’ అని మాంసం, హామ్, కోడి మూడూ విడివిడిగా వద్దని చెప్పండి. రెండోది కొవ్వు. మెదియాలూనాల్లో వెన్నతో చేసినవి ‘దె మాన్తేకా’, జంతువుల కొవ్వుతో చేసినవి ‘దె గ్రాసా’. లావుగా, తియ్యగా ఉండేవి మొదటివి. ఎంపనాదాల పైపిండిలో, బిస్కోచితోస్ అనే ఉప్పు బిస్కెట్లలో కూడా గ్రాసా పడుతుంది. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోవాలి.

పిజ్జా ఎక్కడ, ఎలా తినాలి?

కొర్రియెంతెస్ అవెన్యూలో, నిలబడి. 1932 నుంచి ఉన్న గ్వెర్రీన్‌కి వెళ్తే లోపల బల్లల దగ్గర కూర్చోవడానికి లైను ఉంటుంది. మీరు దాన్ని పట్టించుకోకుండా ముందుభాగంలో కాషియర్ దగ్గర ముక్కల లెక్కన డబ్బు కట్టండి. చీటీ తీసుకుని కౌంటర్ మీద పెడితే, అవతలి మనిషి పెనం లాంటి పెద్ద ట్రేలోంచి ఒక ముక్క తీసి చిన్న ప్లేటులో వేస్తాడు. పిండి మందం, పైన చీజు అంతకన్నా మందం. ప్లేటు వంచితే పక్కలకి జారిపోతుంది. దాని మీద ఒక ముక్క ఫైనా పెట్టించుకోండి. ఫైనా అంటే శనగపిండి, నూనె, మిరియాలతో ఓవెన్‌లో కాల్చిన దళసరి అట్టు. మన నాలుకకి అది వెంటనే పరిచయంగా తగులుతుంది. ఉల్లిపాయలు దట్టంగా పరిచిన ఫుగసేతా కూడా వదలొద్దు. పక్కన సూటు వేసుకున్న లాయరు, నాటకం చూసి వచ్చిన ముసలి దంపతులు, డెలివరీ కుర్రాడు అందరూ అదే కౌంటర్‌కి ఆనుకుని తింటుంటారు.

ఎవరైనా ఇంటికి అసాదోకి (నిప్పుల మీద మాంసం కాల్చుకు తినే విందు) పిలిస్తే? మేం బీఫ్ తినం.

పిలిస్తే తప్పకుండా వెళ్లండి. బీఫ్ తినని సంగతి మాత్రం పిలిచిన రోజే చెప్పండి, అక్కడికి వెళ్లాక చెబితే పిలిచినవాళ్లు నొచ్చుకుంటారు. ముందే చెబితే కోడి కాలుస్తారు, గుడ్డు కొట్టిపోసిన క్యాప్సికం కాలుస్తారు, ప్రొవోలేతా ఎలాగూ ఉంటుంది. ఒక్క చోరీసో విషయంలో పొరపాటు పడకండి. పంది మాంసమే అంటారు గానీ చాలావాటిలో ఆవు మాంసం కలుస్తుంది.

ఆదివారం ఒంటిగంటకి రమ్మంటే మూడింటికి గానీ ప్లేటులో ఏమీ పడదు. కట్టెలో బొగ్గో వెలిగించి, మంట చల్లారి నిప్పులయ్యాక ఇనుప జాలీ కిందకి కొద్దికొద్దిగా లాగుతూ తక్కువ వేడి మీద గంటలకొద్దీ కాలుస్తారు. ఆ పని ఒక్కరిదే, ఆయన నిప్పుల జోలికి ఇంకెవరూ వెళ్లకూడదు. సలహాలు అసలే చెప్పకూడదు. చివర్లో ఎవరో ఒకరు కాల్చినాయనకి చప్పట్లు కొట్టమంటారు, అందరూ కొడతారు. మీరు వైన్ సీసా గానీ కిలో ఐస్‌క్రీమ్ గానీ పట్టుకెళ్తే బాగుంటుంది. తాగే అలవాటు లేకపోతే ఐస్‌క్రీమే ఉత్తమం.

కారం దొరుకుతుందా?

దొరకదు, అక్కడి వంటలో కారం అనే మాటే లేదు. చిమిచుర్రీ ఘాటుగా ఉంటుందని ఆశపడకండి. కొత్తిమీర లాంటి పార్స్‌లే ఆకు, వెల్లుల్లి, ఒరెగానో, వెనిగర్, నూనె, అంతే. అహీ మొలీదో అని ఎర్రటి మిరపపొడి ఉంటుంది, చూడ్డానికే కారం. నాలుక మరీ చచ్చుబడితే బెల్‌గ్రానోలోని చైనాటౌన్, అంటే బార్రియో చీనోకి వెళ్లండి. అల్లం, ఎండుమిర్చి, రకరకాల సాస్‌లు అక్కడుంటాయి. ఊరి పడమటి చివర లినియెర్స్‌లో బొలీవియా నుంచి వచ్చినవాళ్ల బజారులో నిజంగా కళ్లల్లో నీళ్లు తెప్పించే పచ్చిమిరపకాయలు అమ్ముతారు.

ఐస్‌క్రీమ్ గురించి అంత గొప్పగా చెప్తారెందుకు?

గొప్పగా ఉంటుంది కాబట్టి. తూకం లెక్కన కొంటారు: పావు కిలో, అర కిలో, కిలో. పావు కిలోలో మూడు రకాలు ఎంచుకోవచ్చు. ఒక్క దుల్సే దె లేచేలోనే (పాలు, చక్కెర గంటలతరబడి కాచి తీసిన గోధుమరంగు కోవా) నాలుగైదు రకాలుంటాయి. చాక్లెట్ పలుకులు కలిపిన గ్రనిసాదోతో మొదలుపెట్టండి. అర్ధరాత్రి కూడా ఇంటికి తెచ్చిస్తారు.

పలకరింపుగా ముద్దు పెడతారట. ఆడా మగా తేడా లేకుండానా?

అవును. కుడి బుగ్గకి కుడి బుగ్గ ఆనించి, గాలిలో చిన్న శబ్దం, ఒక్కటే. మగవాళ్లు మగవాళ్లకీ అంతే, మొదటిసారి పరిచయమైనా అంతే. ఇంటికి వెళ్తే గదిలో ఉన్న అందరి దగ్గరికీ వెళ్లి ఇలాగే పలకరించాలి, వెళ్లేటప్పుడు మళ్లీ అందరికీ. పదిహేను మంది ఉంటే వీడ్కోలుకే పావుగంట పడుతుంది. దుకాణాల్లో, ఆఫీసుల్లో ఇది అక్కర్లేదు. కానీ లిఫ్టు ఎక్కినా, కొట్లోకి అడుగుపెట్టినా ‘బ్వెన్ దీయా’ అనకుండా నేరుగా పనిలోకి దిగితే మొరటు మనిషి కింద లెక్క. ఇష్టం లేనివాళ్లు ముందుగా చెయ్యి చాపితే సరిపోతుంది.

స్పానిష్ రాకపోతే కష్టమా?

పలెర్మో, సాన్ తెల్మోలలో ఇంగ్లీషుతో నడిచిపోతుంది, మిగతా చోట్ల నాలుగు ముక్కలు కావాలి. యాప్‌లో నేర్చుకున్న స్పానిష్‌కీ ఇక్కడ వినపడేదానికీ తేడా ఉంటుంది. యెర్బాని షెర్బా అంటారు, కాయేని కాషే అంటారు. నువ్వు అనడానికి ‘తూ’ బదులు ‘వోస్’. సరేనండీ, కానివ్వండి, పదండి అన్నిటికీ ‘దాలే’. రద్దీలో కాస్త పక్కకి జరగమని అడగడానికి ‘పెర్మీసో’. మన త, ద, క, ప ఉచ్చారణ స్పానిష్‌కి సరిగ్గా సరిపోతుంది కాబట్టి తెలుగువాళ్లు మాట్లాడితే ఇంగ్లీషువాళ్లకన్నా తేలిగ్గా అర్థమవుతుంది.

బస్సులు, మెట్రో టూరిస్టులు వాడగలరా?

వాడాలి కూడా. ఏదైనా కియోస్కోలో (చాక్లెట్లు, సిగరెట్లు, కూల్‌డ్రింకులు అమ్మే చిన్న కొట్టు, వీధికి రెండుంటాయి) సూబే కార్డు కొని డబ్బు వేయించుకోండి. ఒకే కార్డుతో ఇంటిల్లిపాదికీ టికెట్ కొట్టొచ్చు. మెట్రో గేట్లలో బ్యాంకు కార్డు కూడా పనిచేస్తుంది.

మెట్రోని సుబ్తే అంటారు. ఎ లైను 1913 డిసెంబరు 1న మొదలైంది, లాటిన్ అమెరికాలో మొట్టమొదటిది. చెక్క పెట్టెలతో నూరేళ్లు తిరిగిన పాత బళ్లు 2013లో ఆపేశారు. పెరూ స్టేషన్లో మాత్రం పాతకాలపు అలంకరణ ఇంకా కనిపిస్తుంది. రోడ్డు మీద కార్లు కుడివైపు వెళ్తాయి, భూమి కింద సుబ్తే ఎడమవైపు నడుస్తుంది. ఏ ప్లాట్‌ఫామో చూసుకుని దిగండి. రాత్రి పదకొండు ప్రాంతంలో సుబ్తే ఆగిపోతుంది, బస్సులు తెల్లవార్లూ ఉంటాయి.

బస్సు పేరు కొలెక్తీవో. 1928లో గిరాకీ లేని టాక్సీవాళ్లు ఒకే దారిలో పోయే నలుగురైదుగురిని కలిపి ఎక్కించుకోవడంతో పుట్టింది ఈ పద్ధతి. స్టాపులో లైను కడతారు, అందులో దూరడానికి ప్రయత్నించకండి. బస్సు వస్తుంటే చెయ్యి ఎత్తాలి, లేకపోతే ఆగదు. ఎక్కాక డ్రైవరుకి ఎక్కడిదాకానో చెప్పాలి, అతను ఛార్జీ నొక్కాకే కార్డు పెట్టాలి. మొదటిసారి ఇదంతా టెన్షన్‌గానే ఉంటుంది. వెనక లైనులో ఉన్న పెద్దావిడ ఎవరో మీ తరఫున డ్రైవరుకి చెప్పేస్తారు.

డబ్బు సంగతేమిటి? డాలర్లు నల్లబజారులో మార్చాలా?

పాత వ్యాసాల్లో చదివింది మర్చిపోండి. 2023లో ఏడాది ద్రవ్యోల్బణం 211 శాతం దాటింది. అప్పట్లో ప్రభుత్వ రేటుకీ వీధి రేటుకీ మధ్య ఆకాశమంత తేడా ఉండేది. 2025 ఏప్రిల్లో ఆంక్షలు సడలించాక ఆ తేడా బాగా తగ్గింది. ఫ్లోరీదా వీధిలో ‘కాంబ్యో, కాంబ్యో’ అని పిలిచేవాళ్ల వెంట వెళ్లాల్సిన అవసరం ఇప్పుడు లేదు. కార్డు చాలాచోట్ల నడుస్తుంది. ఏటీఎంలలో ఫీజు ఎక్కువ, ఇచ్చేది తక్కువ. నగదు ఇస్తే తగ్గింపు ఇచ్చే కొట్లు చాలా ఉన్నాయి, ‘ఎఫెక్తీవో’ అని బోర్డు ఉంటుంది. ధరలు తొందరగా మారిపోతాయి కాబట్టి ఇక్కడ ఏ ధరా రాయట్లేదు. టిప్పు పది శాతం, వీలైతే నగదుగా. బిల్లులో కుబియెర్తో అని కనిపిస్తే అది బ్రెడ్డుకీ బల్లకీ వేసే రుసుము, టిప్పు కాదు.

టాంగో షోకి వెళ్లాలా, మిలోంగాకి వెళ్లాలా?

షో స్టేజీ మీద నడిచే విన్యాసం. మిలోంగా ఊరివాళ్లు వాళ్లకోసం వాళ్లు ఆడుకునే చోటు. నా ఓటు మిలోంగాకే. డాన్సు రాకపోయినా ఒక బల్ల తీసుకుని చూస్తూ కూర్చోవచ్చు. పది గంటల తర్వాత వెళ్లండి, చాలాచోట్ల అంతకుముందు క్లాసు ఉంటుంది, డబ్బు కట్టి అడుగులు నేర్చుకోవచ్చు. అల్మాగ్రోలోని లా కతెద్రాల్ పాత గోదాములో నడుస్తుంది, కొత్తవాళ్లకి బెరుకు ఉండదు. బార్రాంకాస్ దె బెల్‌గ్రానో పార్కులో గుండ్రటి మండపం కింద ఆరుబయట ఆడతారు. టికెట్ లేదు, టోపీ పడతారు, తోచింది వెయ్యండి.

చూసేటప్పుడు గమనించాల్సింది కళ్లు. ఎవరూ బల్ల దగ్గరికి వచ్చి ఆడదామా అని అడగరు. గది అవతలి మూల నుంచి చూపు కలుస్తుంది, ఒకరు తల కొంచెం ఊపుతారు, రెండోవాళ్లు ఊపితే ఒప్పుకున్నట్టు, చూపు తిప్పుకుంటే కాదన్నట్టు. ఎవరికీ పరువు పోదు. మూడు నాలుగు పాటల్ని కలిపి ఒక తాందా అంటారు. తాందా అయ్యేదాకా అదే జోడీ. పాటకీ పాటకీ మధ్య వెంటనే మొదలుపెట్టరు, నిలబడి అర నిమిషం కబుర్లు చెప్పుకుంటారు. తాందా ముగిసిందని తెలియడానికి సంబంధం లేని సంగీతం ముక్క ఒకటి వేస్తారు, అందరూ బల్లల దగ్గరికి వెళ్లిపోతారు. జంటలన్నీ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. ఫొటో తియ్యడానికి ఆ దారికి అడ్డం వెళ్లొద్దు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు ఇక్కడ మామూలే. సరదాగా చూడాలని వచ్చినవాళ్లు ఎవరి కళ్లలోకీ అదేపనిగా చూడకపోతే మంచిది, లేకపోతే మీకు తెలియకుండానే డాన్సుకి ఒప్పుకున్నట్టవుతుంది.

ఆదివారం సాన్ తెల్మో సంత చాలా రద్దీ అంటున్నారు. వేరే ఏదైనా ఉందా?

దెఫెన్సా వీధి సంత 1970 నుంచి నడుస్తోంది, పాత సామాన్లు ఇష్టమైతే పొద్దున పదింటికల్లా వెళ్లండి. మధ్యాహ్నానికి కాలు పెట్టే చోటుండదు. మీకు ఒక్క ఆదివారమే ఉంటే మాత్రం మతదేరోస్ వెళ్లమంటాను. సెంటరు నుంచి బస్సులో గంట పడుతుంది. ఒకప్పుడు పశువుల సంత ఉన్న పేట అది. ఆ సంత 2022లో ఊరి బయటికి వెళ్లిపోయింది గానీ, 1986లో మొదలైన ఆదివారం జాతర అక్కడే ఉంది. వీధి మధ్యలోనే చకరేరా, సాంబా (బ్రెజిల్ సాంబా కాదు) అనే జానపద నృత్యాలు ఆడతారు. సాంబాలో ఇద్దరూ తెల్ల రుమాళ్లు ఊపుతూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు తప్ప తాకరు. తోలు పని, కత్తులు, చీజులు అమ్ముతారు. గుర్రం మీద దౌడు తీస్తూ, పైన వేలాడే చిన్న ఉంగరాన్ని పుల్లతో పొడిచి తీసే పోటీ జరుగుతుంది. అక్కడి ఎండాకాలం నెలల్లో ఈ జాతర వేళలు మారతాయి, వెళ్లేముందు చూసుకోండి.

ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటం కుదురుతుందా?

పెద్ద క్లబ్బులైతే కష్టం. బోకా, రివర్ టికెట్లు ముందుగా క్లబ్బు సభ్యులకే పోతాయి, టూరిస్టులకి ఏజెంట్లు అమ్మేవి బాగా ఖరీదు. 2013 నుంచి సాధారణంగా అవతలి జట్టు అభిమానులను స్టేడియంలోకి రానివ్వట్లేదు. మారదోనా పేరు పెట్టుకున్న అర్హెంతీనోస్ జూనియర్స్ స్టేడియం లాంటి చిన్నవాటిలో దొరికే అవకాశం ఎక్కువ. దొరక్కపోతే బాధ పడొద్దు. మ్యాచ్ వేళకి టీవీ ఉన్న ఏ పిజ్జా హోటల్లోనైనా కూర్చుంటే వంటవాడితో సహా అందరూ ఏకంగా లేచి అరుస్తారు. రంగులు మాత్రం చూసుకోండి: నీలం పసుపు బోకా, ఎరుపు తెలుపు రివర్. తెలియక వేసుకున్నానంటే ఒప్పుకోరు. లా బోకాలో కమినీతో వీధి పగటిపూట చూసి వచ్చెయ్యండి, చుట్టుపక్కల సందుల్లోకి పోవద్దు.

పిల్లల్ని తీసుకెళ్తే ఇబ్బందా?

రాత్రి పదకొండుకి హోటళ్లలో పక్క బల్లల మధ్య పిల్లలు పరుగులు తీస్తుంటారు, ఎవరూ విసుక్కోరు. పార్కుల్లో కలెసీతా అనే పాతకాలపు రంగులరాట్నం ఉంటుంది. నడిపే మనిషి చేతిలో చెక్క పియరు పండు లాంటిది, దాని చివర ఒక ఇనుప రింగు. రాట్నం తిరుగుతుంటే ఆయన దాన్ని పిల్లల చేతికి అందినట్టే అందించి లాగేస్తుంటాడు. రింగు లాక్కున్నవాళ్లకి తర్వాతి రౌండు ఉచితం. ఏడుపు మొహం పెట్టిన పిల్లకి చివరికి ఎలాగోలా దొరికేటట్టు చేస్తాడు.

భాష రాకపోయినా ఎంజాయ్ చేసే సాయంత్రాలు?

సోమవారం రాత్రి కోనెక్స్ సాంస్కృతిక కేంద్రంలో లా బోంబా దె తియెంపో అనే డప్పుల బృందం వాయిస్తుంది. ముందుగా రాసుకున్న పాట ఉండదు, మధ్యలో నిలబడ్డ మనిషి చేతి సైగలతో అప్పటికప్పుడు నడిపిస్తాడు. 1919లో థియేటరుగా కట్టి, 2000 నుంచి పుస్తకాల షాపైన ఎల్ అతెనేఓ గ్రాండ్ స్ప్లెండిడ్‌లో బాల్కనీలు, తెర అలాగే ఉన్నాయి. స్టేజీ మీద కఫే ఉంది. తియాత్రో కోలోన్ (1908) లోపలికి ఇంగ్లీషులో గైడెడ్ టూర్లున్నాయి.

దొంగతనాల భయం ఎంత?

పెద్ద నగరానికి ఉండేంత. ఎక్కువగా పోయేది ఫోను. ఫుట్‌పాత్ బల్ల మీద పెట్టిన ఫోను, రోడ్డు అంచున నిలబడి మ్యాపు చూస్తుంటే బైకు మీద వచ్చి లాగేసే ఫోను. బ్యాగు కుర్చీ వెనక తగిలించకుండా ఒళ్లో పెట్టుకోండి. ఎవరో మీ చొక్కా మీద ఏదో మరక పడిందని తుడవడానికి వస్తే ఆగకుండా నడిచిపోండి, అది జేబులు కొట్టే ఎత్తు. ఎదుటివాళ్లు కంటి కింద చర్మాన్ని వేలితో కిందకి లాగి చూపిస్తే జాగ్రత్త అని అర్థం. అత్యవసర నంబరు 911. కుళాయి నీళ్లు తాగొచ్చు.

రోడ్డు మీద డప్పులతో ఊరేగింపు కనిపిస్తే?

అది పండగో ధర్నానో చూసుకోండి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ధర్నాల వల్ల బస్సులు దారి మళ్లడం ఇక్కడ రోజువారీ సంగతి. నియంతృత్వ కాలంలో మాయమైన పిల్లల కోసం ప్లాసా దె మాయోలో తల్లులు 1977 ఏప్రిల్లో మొదలుపెట్టిన నడక ఇప్పటికీ గురువారం మధ్యాహ్నం మూడున్నరకి జరుగుతుంది. ఎవరైనా వెళ్లి పక్కన నిలబడొచ్చు. తెల్ల తలగుడ్డల గుర్తులు ఆ చౌకు నేల మీద కూడా కనిపిస్తాయి.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

అల్ఫహోర్‌లు. రెండు మెత్తటి బిస్కెట్ల మధ్య దుల్సే దె లేచే పెట్టి, పైన చాక్లెట్టో చక్కెర పూతో వేస్తారు. హవాన్నా డబ్బాలు ఎయిర్‌పోర్టులోనూ ఉంటాయి, కానీ హొర్హీతో, గ్వాయ్‌మషేన్ లాంటివి కియోస్కోలో చాలా చవక. అక్కడివాళ్లు రోజూ తినేవి అవే. మాతే బుర్ర సహజమైన సొరకాయదైతే కొన్నాక తడి యెర్బాతో ఒకరోజు నానబెట్టి పదును పెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆ తలనొప్పి వద్దనుకుంటే స్టీలుదో గాజుదో తీసుకోండి. యెర్బా సూపర్‌మార్కెట్లో అర కిలో, కిలో పొట్లాలుగా దొరుకుతుంది. దుల్సే దె లేచే సీసాని మాత్రం చేతి సంచిలో పెట్టకండి. సెక్యూరిటీలో దాన్ని ద్రవపదార్థం కింద లెక్కేసి తీసి పక్కన పెడతారు, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి.